నీళ్లకావల కోట

నలభై ఏళ్ల కిందటి జపాను వీడియో గేమ్. పలాసలో డయాలసిస్ మంచం పక్కన కూర్చుని దాన్ని మొదటిసారి ఆడిన అల్లుడు. మంచం మీంచి దారి చెప్పిన మేనమామ.

మంగళవారం, శుక్రవారం. ఆ రెండు రోజులూ పొద్దున్నే వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఆటోలో పలాస చేరతాం, మావయ్యా నేనూ. దారికి రెండు పక్కలా జీడితోటలు, వాటి మధ్య కొబ్బరి. ఆకాశం తేటగా ఉన్న రోజున ఉత్తరాన మహేంద్రగిరి నిండుగా కనిపిస్తుంది. వెళ్లగానే బరువు తూస్తారు, బీపీ చూస్తారు. మావయ్య తన పొడుగాటి నోటు పుస్తకం తీసి రెండూ నా చేత రాయిస్తాడు. తర్వాత ఎడమచేతికి రెండు సూదులు, రెండు గొట్టాలు. మిషను తిరగడం మొదలయ్యాక నాలుగు గంటలు. ఆ చెయ్యి కదపకూడదు.

మొదటి నెలల్లో ఆ నాలుగు గంటలూ నేను ఫోన్లో రీల్స్ చూసేవాణ్ణి. మావయ్య పైకప్పు చూసేవాడు. మంచానికీ కుర్చీకీ మధ్య మూరెడు దూరం. అయినా ఆయనొక చోట, నేనొక చోట.

బెంగళూరులో పనిచేసే మా తమ్ముడు సంక్రాంతికి వచ్చినప్పుడు నా ఫోన్లో ఒక ఆట కొని ఎక్కించాడు. పేరు డ్రాగన్ క్వెస్ట్. "ఒక్క చేత్తో ఆడొచ్చన్నా. నువ్వు ఆగితే అదీ ఆగుతుంది. మధ్యలో ఎవరైనా పిలిస్తే లేచెళ్లిపో, వచ్చేసరికి ఎక్కడున్నది అక్కడే ఉంటుంది" అన్నాడు. ఇప్పటి ఆటల్లో కన్ను తిప్పితే చచ్చిపోతాం. ఇందులో రాక్షసుడు కూడా మన వంతు అయ్యేదాకా నిలబడి ఉంటాడు. రోగి పక్కన కూర్చునేవాడికి అంతకంటే ఏం కావాలి?

ఆ మంగళవారం మొదలుపెట్టాను. రాజు కొలువు. సింహాసనం ముందు మన కథానాయకుడు. రాజు ఇంగ్లిషులో మాట్లాడతాడు, అదీ పాతకాలపు ఇంగ్లిషు. దాన్ని నాలో నేను తెలుగులో చెప్పుకుంటుంటే తెలియకుండానే పద్యనాటకం ధోరణి వచ్చేసింది. "ఓయీ వీరకుమారా! నీ పూర్వుడు చీకటిని పారదోలిన మహావీరుడు. ఇప్పుడొక డ్రాగన్ ప్రభువు ఆ వెలుగుగోళాన్ని అపహరించినాడు" అని కాస్త పైకే అన్నాను. మా ఊళ్లో ‘చింతామణి’, ‘హరిశ్చంద్ర’ నాటకాలు తెల్లవార్లూ చూసిన మనిషి మావయ్య. పైకప్పు మీంచి చూపు దించాడు.

"ఎవుడ్రా ఆడు? ఏటంతన్నాడు?"

చెప్పాను. రాజు పెట్టెలో 120 బంగారు నాణేలు ఇచ్చాడనీ, వాటితో ఆయుధం కొనుక్కుని బయల్దేరాలనీ. ఊళ్లో దుకాణానికి వెళ్తే దుడ్డుకర్ర 60, తోలు కవచం 70.

"పది తక్కువైనాది. రాజు గదా, ఆ పదీ పెట్టి ఇవ్వొచ్చు గదేటి?" అన్నాడు మావయ్య. ఆ రోజు మా ఇద్దరి మధ్య నడిచిన మొట్టమొదటి పొడుగాటి మాట అదే.

కోట బయటికొచ్చి నాలుగడుగులు వేశానో లేదో, నీళ్లకావల మరో కోట కనపడింది. నల్లగా ఉంది. అది డ్రాగన్ ప్రభువుదే. ఆట ముగిసే చోటు మొదటి నిమిషంలోనే కళ్ల ముందు ఉంటుంది. మధ్యలో సన్నటి పాయ. వంతెన లేదు, పడవ లేదు. అటు చేరాలంటే దేశమంతా చుట్టి రావాలి. ఫోను మావయ్య ముఖం ముందు పెట్టి చూపించాను. కాసేపు చూసి, "మహేంద్రగిరి" అన్నాడు.

ఇక్కడి వాళ్లకు ఆ ఒక్క మాట చాలు. 1,501 మీటర్ల కొండ. పరశురాముడు తపస్సు చేశాడంటారు, పైన భీముడి పేరా, కుంతి పేరా రాతి గుడులున్నాయి. కొండ ఒడిశా వైపుది. కానీ మా ప్రాంతం ఉద్దానంలో పుట్టినవాడికి ఏ డాబా ఎక్కినా, ఏ తోట గట్టు మీద నిలబడ్డా కనిపిస్తుంది. చెయ్యి చాస్తే అందేట్టే ఉంటుంది. శివరాత్రికి నడిచి ఎక్కినవాళ్లకే తెలుస్తుంది అది ఎంత దూరమో. మావయ్య తన ఇరవై రెండో ఏట ఎక్కాడు. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

64 కిలోబైట్ల లోకం

ఈ ఆట 1986 మే 27న జపానులో విడుదలైంది. ఎనిక్స్ అనే కంపెనీ, నింటెండో వారి ఫామికామ్ అనే టీవీకి తగిలించే యంత్రం. ఆలోచన యూజీ హోరీది, ప్రోగ్రాము కోయిచి నకమురాది. రాక్షసుల బొమ్మలు అకీరా తోరియామావి. ‘డ్రాగన్ బాల్’ గీసిన ఆయనే, 2024లో పోయారు. సంగీతం కోయిచి సుగియామా. అప్పటికే యాభై అయిదేళ్ల పెద్దాయన. అమెరికాలో 1974 నుంచి బల్ల చుట్టూ కూర్చుని, పాచికలు వేసి, ఒక్కొక్కరు ఒక్కో వేషం కట్టి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఉంది. దాన్నుంచి 1981లో అల్టిమా, విజార్డ్రీ అనే కంప్యూటరు ఆటలు పుట్టాయి. హోరీకి అవంటే ప్రాణం. కానీ కంప్యూటరు ఎవరింట్లో ఉంటుంది? టీవీ ముందు కూర్చునే పిల్లవాడికి కూడా అది అందాలని ఆయన పట్టుపట్టాడు. రోల్ ప్లేయింగ్ గేమ్ అనే ఆటజాతి జపాను ఇళ్లలోకి దూరింది అలాగే.

మొత్తం ఆట 64 కిలోబైట్లు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మ అంతకంటే పెద్దది. ఆ ఇరుకులో ఒక ఖండం, ఊళ్లు, గుహలు, దాదాపు నలభై రకాల రాక్షసులు, ఒక రాజకుమారి. చోటు చాలక హోరీ తన భాషలోని కటకానా అక్షరాల్లో ఇరవై మాత్రం ఉంచుకుని, రాక్షసుల పేర్లూ ఊళ్ల పేర్లూ వాటితోనే కట్టాడట. నిరోష్ఠ్య రామాయణాలు రాసిన జాతి మనది. పెదవులు తగలని అక్షరాలతోనే కావ్యం నడిపిన కవుల కష్టం తెలిసినవాళ్లకు ఈ మనిషి చేసిన పని విలువ చెప్పక్కర్లేదు.

జ్ఞాపకం లేని క్యాసెట్లు

నేను ఈ ఆటని నలభై దాటాక ఎందుకు చూశాను? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మా చిన్నప్పుడు, 1990ల మధ్యలో, మాకూ టీవీ గేములు ఉండేవి. నింటెండోకి నకళ్లు. కాశీబుగ్గలో గంట లెక్కన అద్దెకు ఆడించేవారు. మారియో, కాంట్రా, తుపాకీతో బాతుల్ని కొట్టే ఆట. పసుపు రంగు క్యాసెట్టు మీద వేల సంఖ్యలో ఆటలున్నట్టు రాసుండేది. తీరా చూస్తే అవే పది ఆటలు తిప్పి తిప్పి వచ్చేవి. జపాను పిల్లలు ఆడిన అదే తరం యంత్రమే మా చేతుల్లోనూ ఉంది. మరి ఈ కథల ఆటలు మాకెందుకు చేరలేదు?

కారణం చిన్నది. కథ ఒక్క పూటలో అవదు. ఇవాళ ఆడింది రేపటికి గుర్తుండాలి. అమెరికాకు 1989లో ఈ ఆట వెళ్లినప్పుడు క్యాసెట్టులో ఒక బిళ్ల బ్యాటరీ పెట్టారు, టీవీ కట్టేసినా ఆట ఎక్కడిదాకా వచ్చిందో అది కాపాడేది. మేం విప్పి చూసిన క్యాసెట్లలో అలాంటిదేమీ ఉండేది కాదు. కరెంటు పోయిందంటే మారియో మళ్లీ మొదటికే. మా చేతికొచ్చిన యంత్రానికి జ్ఞాపకం లేదు. జ్ఞాపకం లేని యంత్రం పరుగెత్తించగలదు, కాల్పించగలదు, కథ చెప్పలేదు. మాకు కథ మీద మోజు లేక కాదు. ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’ పాత సంచికలు వెతుక్కుని, చిత్రా గారి బొమ్మలు చూసి నిద్ర మానుకున్న పిల్లలం మేం. ఈ ఆట అప్పుడే వచ్చుంటే ఒక్క రోజులో మాదైపోయేది.

జపానులో వచ్చిన మొదటి ముద్రలో ఆ బ్యాటరీ కూడా లేదు. ఆట ఆపేముందు రాజు ఇరవై అక్షరాల మంత్రం చెప్పేవాడు. దాన్ని కాగితం మీద రాసుకుని మర్నాడు మళ్లీ చెప్పాలి. మన ‘వ’, ‘ప’ ఒకదానికొకటి తారుమారైనట్టే అక్కడా పోలికలున్న అక్షరాలున్నాయి. ఒక్కటి తప్పు రాసుకుంటే నిన్నటి ప్రయాణమంతా పోయినట్టే. ఇది చెప్తే మావయ్య తన నోటు పుస్తకం వైపు చూశాడు. ముందు పేజీల్లో డయాలసిస్‌కి ముందు బరువు, తర్వాత బరువు, బీపీ, తేదీ. "ఎనకాల పేజీలు ఖాళీయే గదా. ఆట సంగతి అందులో రాయి" అన్నాడు.

ఆ రోజు నుంచి పుస్తకానికి రెండు వైపులా రాత మొదలైంది.

అడుగుతూ వెళ్లడం

ఆటలో పోరాటం కంటే ఎక్కువసేపు చేసే పని ఒకటుంది. ఊళ్లోకి వెళ్లి కనిపించిన ప్రతివాణ్ణీ పలకరించడం. ఒక ముసలాయన, ఒక సిపాయి, బావి దగ్గర ఒక ఆడమనిషి. ఒక్కొక్కరికీ ఒకటి రెండు వాక్యాలే వచ్చు. పాడుబడిన ఊళ్లో ఒక చెట్టు దగ్గర పూర్వ వీరుడి కవచం దాగుందని ఒకరంటారు. ఎక్కడో దక్షిణాన గోడలూరుకి రాతి రాక్షసుడు కాపలా అనీ, వాడికి పిల్లనగ్రోవి వినిపిస్తే నిద్రపోతాడనీ ఇంకొకరంటారు. మొత్తం కథ ఎవరికీ తెలీదు. దేశమంతా తిరిగి ముక్కలు ఏరుకుని మనమే అతుక్కోవాలి.

నాకు మొదట్లో ఓపిక ఉండేది కాదు, నలుగురిని అడిగి పరుగెత్తేవాణ్ణి. మావయ్య ఊరుకునేవాడు కాదు. "ఆ మూల ఇంటోణ్ణి అడగలేదు నువ్వు" అనేవాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ల వీధి అరుగు మీద ఒకాయన ‘కాశీమజిలీ కథలు’ చదివి వినిపించేవాడట. మధిర సుబ్బన్న దీక్షితులు గారి పుస్తకం. కాశీకి పోయే మణిసిద్ధుడికి తోడుగా గోపుడు అనే పశులకాపరి కుర్రాడు బయల్దేరతాడు, ఒక షరతు మీద. దారిలో తను చూసిన ప్రతి వింత వెనక కథనూ మణిసిద్ధుడు చెప్పాలి. నడుస్తారు, ఆగుతారు, వంటవుతుంది, కథ నడుస్తుంది, మర్నాడు మళ్లీ నడక. ఈ ఆటలోనూ ప్రతి ఊళ్లో సత్రం ఉంది. కొన్ని నాణేలిచ్చి పడుకుంటే తెల్లవారేసరికి బలం తిరిగొస్తుంది. "మజిలీ" అని రాయించాడు మావయ్య సత్రం పక్కన.

ఈ ముక్కల సంగతి ఉద్దానం వాళ్లకు మరో రకంగానూ తెలుసు. మా కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇన్నేళ్లయినా ఒక్క కారణం తేలలేదు. ఒకరు నీళ్లంటారు, ఒకరు ఎండలో నీళ్లు తాగకుండా చేసే పనంటారు, ఒకరు పురుగుమందులంటారు. ప్రతి ఒక్కరి దగ్గరా ఒక ముక్క. హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో తెచ్చే పథకం పెట్టారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. ఆ ముక్కలన్నీ కలిపే మనిషి ఏదో ఒక రోజు ఈ ఊళ్లన్నీ తిరగాలి, ప్రతి మూల ఇంటోణ్ణీ అడగాలి. నేను ఆ రోజు కోసం నిజంగా ఎదురుచూస్తున్నాను.

మూడో వారంలో చచ్చిపోయాం. గుహ. లోపల చీకటి, దివిటీ వెలిగిస్తే చుట్టూ ఒక్క అడుగు మేర వెలుగు, అంతే. నాకు తిత్లీ రాత్రులు గుర్తొచ్చాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తుపాను మా పలాస దగ్గరే తీరం దాటింది. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు మొవ్వు విరిగి, జీడిచెట్లు వేళ్లతో సహా పెకిలి. తర్వాత ఎన్నో రోజులు కరెంటు లేదు. మావయ్య తోటలో నిలబడింది నాలుగే నాలుగు చెట్లు.

గుహలో ఆకుపచ్చ డ్రాగన్ మమ్మల్ని కాల్చేసింది. మళ్లీ రాజు ముందు తేలాం. ఈ ఆటలో చావుకి ఒక నియమం ఉంది. చేతిలో బంగారం సగం పోతుంది. కానీ అప్పటిదాకా సంపాదించిన అనుభవం, నేర్చుకున్న మంత్రాలు చెక్కు చెదరవు. ఎన్నో గంటలు కూడబెట్టిన నాణేలు పోయాయని నేను దిగాలుపడి ఫోను పక్కన పెట్టేశాను. మావయ్య కుడిచేత్తో నా మోకాలి మీద తట్టాడు.

"డబ్బులు సగం పోనాయి. నేర్సుకున్నది పోలేదు గదా. లెగు మరి."

తిత్లీ తర్వాత ఏడాది తిరక్కుండా అంటుమొక్కలు తెచ్చి నాటిన మనిషి అన్న మాట. జీడి అంటు మూడో ఏట కాపు మొదలెడుతుంది, కొబ్బరికి ఐదారేళ్లు ఆగాలి. ఏది ఎక్కడ నాటాలో, ఏ ఇసుక ఎంత నీరు పట్టుకుంటుందో ఆయన చేతులకి తెలుసు.

ఫోను మళ్లీ తీశాను.

తర్వాత వారాలు త్వరగా గడిచాయి. డ్రాగన్‌ని కొట్టి రాజకుమారిని విడిపించాం. కథానాయకుడు ఆమెను చేతుల మీద ఎత్తుకుని కోటదాకా మోస్తాడు. బొమ్మ చిన్నదైనా ఆ మోత కనిపిస్తుంది. ఆమె ఒక కానుక ఇస్తుంది. దాన్ని అడిగితే కోట నుంచి మనం ఎటువైపు ఎంత దూరంలో ఉన్నామో చెబుతుంది. గోడలూరులో ఒకరు చెప్పారు, వీరుడి ముద్ర కోటకు దక్షిణంగా 70, తూర్పుగా 40 దూరంలో ఉందని. అక్కడంతా విషపు బురద, అడుగు పెడితే బలం తగ్గుతుంది. గుర్తుకు చెట్టూ లేదు, రాయీ లేదు. మావయ్యకు మొత్తం ఆటలో ఇదే బాగా నచ్చింది. తోట కొలతలు అంగలతో వేసినవాడు గదా. కుడిచేతి వేళ్ల కణుపులు లెక్కపెడుతూ, "ఇంకో మూడు కిందకి... ఆగు, ఒకటి ఎనక్కి" అని నడిపించాడు. పక్క మంచం మీది పెద్దాయన కూడా మెడ ఎత్తి చూస్తున్నాడు. దొరికినప్పుడు ముగ్గురం ఒక్కసారే "ఆఁ" అన్నాం. టెక్నీషియన్ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.

పాయ మీద వంతెన కట్టడానికి మూడు వస్తువులు కావాలి. వాన కురిపించే కర్ర దొరికింది, ముద్ర దొరికింది. సూర్యకాంతి రాయి దొరకలేదు. ఖండం నాలుగు చెరగులా గాలించాం. రెండు శుక్రవారాలు అదే పని. నోటు పుస్తకంలో వెనక పేజీలన్నీ తిరగేశాను. చివరికి మావయ్య అడిగాడు.

"ఒరే అల్లుడూ, రాజుగోరి కోటలోనే ఎతికినావేటి?"

లేదు. అక్కడ ఏం ఉంటుంది, బయల్దేరిన చోటే కదా అనుకున్నాను. వెనక్కి వెళ్లాం. కోటగోడ పక్కగా చుట్టి వెళ్తే మెట్లున్నాయి. దిగితే కింద ఒక గది, ఒక ముసలాయన, ఒక పెట్టె. రాయి అందులో ఉంది. మొదటి రోజు 120 నాణేలు లెక్కపెట్టుకున్నప్పుడు కూడా అది మా పాదాల కిందే ఉంది. మావయ్య ఏమీ అనలేదు. కళ్లు మూసుకుని చాలాసేపు నవ్వుతూ ఉండిపోయాడు.

ఇంద్రధనుస్సు వంతెన పడిన రోజు మంగళవారం. నల్లకోటలోకి దిగాం. అంతస్తు తర్వాత అంతస్తు కిందికి. అట్టడుగున డ్రాగన్ ప్రభువు. వాడు వెంటనే మీద పడడు, బేరం పెడతాడు. నా పక్షాన చేరితే లోకంలో సగం నీకిస్తానంటాడు. అవును, కాదు అని రెండే జవాబులు తెర మీద. ఒప్పుకున్నవాడికి పాత ఆటలో దారి అక్కడితో చీకటే. నాకు ఆ సంగతి తెలీదు. వేలు గాలిలో ఆగింది. మావయ్య వైపు తిరిగాను.

ఆయన ఎన్నో ఏళ్లు 80 కిలోల బస్తాల లెక్కన జీడిపిక్కలు అమ్మిన మనిషి. "గెలవలేనోడే సగం ఇత్తానంటాడు. ఒద్దను" అన్నాడు.

ఒద్దన్నాం. మనిషి రూపంలో ఒకసారి, డ్రాగన్ రూపంలో ఒకసారి, రెండుసార్లు కొట్టాల్సి వచ్చింది. రెండో దాంట్లో మా బలం చివరి అంకెలకి వచ్చేసింది. వాడు పడ్డాక దేశమంతా విషపు బురద పోయి పూలు పూశాయి. కథానాయకుడు కోటకు తిరిగొస్తాడు. రాజు సింహాసనం ఇస్తానంటాడు. ఇతను వద్దని, తనకంటూ ఒక రాజ్యం ఉంటే దాన్ని తానే వెతుక్కుంటానని చెప్పి రాజకుమారితో బయల్దేరిపోతాడు. సుగియామా బాణీ మోగుతుంటే ఫోను మావయ్య చెవి దగ్గర పెట్టాను. ఆయన చివరిదాకా విన్నాడు.

మిషను ఆగింది. సూదులు తీశారు, దూది పెట్టి నేను పది నిమిషాలు అదిమి పట్టుకున్నాను. తర్వాత బరువు తూశారు. పుస్తకం తీసి ముందు పేజీలో అంకె వేశాను. వెనక్కి తిప్పి, ఆట అయిపోయిందని రాయబోతుంటే మావయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"రెండో భాగం ఉందేటి?"

"ఉంది మావయ్యా. 1987లో వచ్చింది. అందులో ముగ్గురు కలిసి వెళ్తారు. ఇతని వంశంవాళ్లే, దాయాదులు."

"దాయాదులు కలిసెల్తారేటి!"

"వెళ్తారు. ముందు ఒకళ్లనొకళ్లు వెతుక్కోవడానికే చాలా తిరగాలి."

చెప్పులు వేసుకుంటూ కాస్త ఆలోచించాడు. ఆటోవాడు బయట హారను కొడుతున్నాడు.

"శుక్రోరం నాటికి ఎక్కించి ఉంచు" అన్నాడు.